కొంగల పురిటింట్లో కాటుక చుక్క

సూళ్లూరుపేటలో మేము రోజూ చేరే టీ కొట్టులో నా మాటకు ఎంత విలువంటే, వాన పడుతోందని నేను చెబితే అందరూ గొడుగులు మడుస్తారు. పులికాట్‌లో పడవంత చేపను తువ్వాలుతో లాగానని చెప్పింది నేనే. ఒడ్డుకొచ్చాక ఆ చేప నాకు నమస్కారం పెట్టిందని చెప్పిందీ నేనే. అలాంటి నేను, ఎర్రకాళ్ల కొంగ ముక్కు నిండా నీళ్లు తెచ్చి ఎండకు మాడుతున్న పిల్లల మీద పోస్తుందనీ, చుక్క చుక్కా విడిగా కనబడేలా దాన్ని ఫోటో తీశాననీ చెబితే కొట్టు కొట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

నిజానికి కొంగ నీళ్లు పోయడం కళ్లారా చూశాను. ఫోటో కూడా తీశాను. కాకపోతే అందులో కొంగ పొగలా, నీళ్లు గీతల్లా వచ్చాయి.

"అన్నా, ఆదివారం సాయంత్రానికి ఆ ఫోటో చూపిచ్చు," అన్నాడు టీ మాస్టరు, పాలు తిరగబోస్తూ. "లేదా, మళ్లీ కొంగలొచ్చే కాలం దాకా ఈ బల్ల మీద కథలు చెప్పబాక. టీ తాగు, గమ్మున పో."

టీ మానమంటే మానేవాణ్ణే. కథలు మానమంటే ఎట్లా బతకను? ఆదివారం పొద్దున్నే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరాను.

నేను వెళ్లిన పల్లెలో కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లకు అవి పురిటికి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు. అవి ఉన్నన్నాళ్లూ పెళ్లయినా సరే టపాకాయ పేలదు. ఆరేసిన చీర మీద రెట్ట పడితే, తిట్టకుండా మళ్లీ ఉతుక్కుంటారు. గూళ్లకు ఎదురుగా, సరిగ్గా వాటి ఎత్తులో ఉన్న మిద్దె ఒక అక్కది.

"పురిటింటికొచ్చినావు నాయనా, చెప్పులు కిందే ఇడువు. పైన గట్టిగా మాట్లాడబాక," అని మజ్జిగ చేతికిచ్చింది. కెమెరా మూత తీసి మంచం మీద సిద్ధంగా పెట్టుకుని, మజ్జిగ తాగి, మిద్దె ఎక్కాను.

పక్షి గాలికి ఎదురుగా వాలుతుంది. పొద్దున పడమటి గాలి. నేనేమో చెట్టుకు తూర్పున ఉన్నాను. వచ్చిన ప్రతి కొంగా నాకు తోకే చూపించింది. పైగా తీసినవన్నీ మంచులో తీసినట్టు మసకగా ఉన్నాయి. ఎండ సెగ అనుకున్నాను. షట్టర్ వేగం పెంచాను, ఊపిరి బిగబట్టాను, కెమెరాను పిట్టగోడకు ఆనించాను. అయినా మసకే. చివరికి కెమెరాను నా వైపు తిప్పి చూద్దును కదా, అద్దం నడిమధ్యన రూపాయి బిళ్లంత కాటుక!

దడదడా కిందికి దిగాను.

"అక్కా, ఇదెవరి పని?"

"నాదే. పురిటి బిడ్డల్ని అంత పెద్ద కంటితో చూస్తే దిష్టి తగలదా? చుక్క బిడ్డలకే పెట్టాల, నేనా చెట్టెక్కలేను. అందుకని నీ కెమెరా కంటికి పెట్టినా."

"అందులో ఏమీ కనబడట్లేదక్కా!"

"మంచిదే గదా! కనబడకుంటే దిష్టే లేదు."

నా నోటికి తాళం పడేలా ఉంది. బతిమాలాను. "ఆ గాజుముక్కకు ఆశేముందక్కా? ఆశపడేది నేను. ఆ చుక్కేదో నాకే పెట్టు."

ఆమె కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. "ఈ మాట ముందే చెప్పుంటే బాగుణ్ణు గదా," అని వేలు కాటుకలో ముంచి నా ఎడమ బుగ్గ మీద గట్టిగా అద్దింది. తలలో తెల్ల వెంట్రుకలొచ్చాక దిష్టి చుక్క పెట్టించుకున్నవాణ్ణి ఈ తీరంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అద్దం శుభ్రం చేసుకుని మళ్లీ ఎక్కాను. మధ్యాహ్నం దాటాక గాలి మళ్లి, తూర్పున సముద్రం వైపు నుంచి వీచింది. ఇక కొంగలు నా మొహానికి ఎదురుగా రావడం మొదలుపెట్టాయి. పిల్లలు నోళ్లు తెరుచుకుని రొప్పుతున్న గూడొకటి చూసుకున్నాను. ఫ్రేములో తల్లి వచ్చే పక్క జాగా వదిలి, ఒక పిల్ల కంటి మీద గురి నిలిపి, షట్టర్ వేగం సెకనులో రెండువేలో వంతుకు పెట్టుకుని కూర్చున్నాను. వచ్చింది. రెక్కలు విప్పి, కాళ్లు ముందుకు చాపి, గూటి అంచున నిలబడి, మెడ వంచి పోసింది. వెనకనుంచి ఎండ పడి ఒక్కో చుక్కా గాజుపూసలా మెరిసింది. కెమెరాలో చూసుకుంటే కొంగ కనురెప్ప అంచు కూడా స్పష్టంగా ఉంది. గంతు వేయబోయి, పురిటిల్లని గుర్తొచ్చి ఆగాను.

సాయంత్రం, దారిలో అచ్చు వేయించి తెచ్చిన ఆ ఫోటో కొట్టులో చేతులు మారింది.

"నెట్లో దొరికినట్టుండాది."

"ఏ దేశం కొంగన్నా ఇది?"

జీవితంలో మొదటిసారి పూర్తి నిజంతో వస్తే నా గతి ఇది. అప్పుడు టీ మాస్టరు ఫోటో పక్కనపెట్టి నా మొహంలోకి వంగి చూశాడు. చెమటకు చెవి దాకా పాకిన కాటుకను వేలితో తుడిచి వాసన చూశాడు.

"ఆముదం కాటుక. చింతచెట్ల కాడ మిద్దింటి అక్క పెట్టిందా? మా అత్తగారిది ఆ ఊరే. నన్నూ వదల్లేదు, కొత్తల్లుణ్ణని కూడా చూడలా." ఆయన అందరి వైపూ తిరిగాడు. "ఫోటో సంగతి నాకు తెలీదు గానీ, ఈ చుక్క మటుకు నెట్లో దొరికేది కాదు. అన్న పోయినాడు, చూసినాడు, తీసినాడు. చెప్పుకోనీయండి."

బల్ల మీద నా చోటు నాకొచ్చింది. గొంతు సవరించుకున్నాను. "అసలు జరిగిందేందంటే, ఆ తల్లి కొంగ నా బుగ్గ మీద చుక్క చూసింది. నేనూ పసిబిడ్డనే అనుకుంది పాపం. మిగిలిన నీళ్లు తెచ్చి నా నోట్లో..."

మాస్టరు తల పట్టుకున్నాడు. ఇంకో చేత్తో నా గ్లాసు నింపాడు.