పాపికొండల్లో పెద్దమ్మ సీటు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక ఎగతాళి మాట పుట్టింది. "పాపికొండలు చూడాలని అందర్నీ లాక్కుపోయి, ఇంజను చూసొచ్చె మా వదిన" అని మా నాయన పెళ్లిళ్లలో, పేరంటాల్లో, పదిమంది చేరిన ప్రతిచోటా అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. మా పెద్దమ్మ కూడా నవ్వేది. అసలు జరిగిందేందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నలభై ఏళ్లు నోరు విప్పలేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆళ్లగడ్డలో ఉంటుంది. వాళ్లింట్లో అప్పట్లో అద్దెకున్న టీచరమ్మది గోదావరి వైపు ఊరు. ఆ కొండల మధ్య నది ఎట్లా పోతుందో ఆమె పెద్దమ్మకు కథలా చెప్పేదట. లాంచీకి ఎదురుగా కొండ అడ్డం వస్తుంది, ఇక గుద్దుకుంటామని గుండె ఝల్లుమనేసరికి పక్కనుంచి దారి తెరుచుకుంటుంది. పెద్దమ్మకు ఆ ఒక్క చోటు చూడాలని పట్టుకుంది. రెండేళ్లు మమ్మల్నందరినీ పోరింది. చివరికి ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టాలం కలిసి బస్సు మాట్లాడుకుని బయలుదేరాం. ఆమె ఊరు దాటి అంత దూరం పోవడం అదే మొదలు.

నాకప్పుడు పదేళ్లు. ఒక్కచోట కూర్చునేవాణ్ణి కాదు. నంద్యాల దాటగానే కిటికీ కావాలని ఏడుపు మొదలుపెట్టాను. పెద్దమ్మ లేచి తన సీటు ఇచ్చింది. నల్లమల ఘాట్‌లో పచ్చర్ల దాటాక కక్కుకుంటే కొంగుతో మూతి తుడిచింది. రాజమండ్రి దాకా కిటికీ నాదే. అయినా నాకు తృప్తి లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం రాజమండ్రిలో లాంచీ ఎక్కాం. అది భద్రాచలం పోతుంది. మా బస్సు రోడ్డు మీదుగా వచ్చి అక్కడ మమ్మల్ని ఎక్కించుకోవాలి. అంటే ఆ కొండల మధ్య ఒక్కసారే పోతాం, తిరిగి రావడం ఉండదు. రాత్రికి లాంచీని ఇసుకతిన్నె దగ్గర కట్టేశారు. తెల్లారితే కొండల్లోకి పోతామని లాంచీ నడిపే సరంగు చెప్పగానే పెద్దమ్మ పైకెక్కి, అన్నిటికంటే ముందున్న బెంచీ మీద తన తువ్వాలు పరిచింది.

మా వైపు వాళ్లకు తువ్వాలు వేస్తే వేసినట్టే. బస్టాండులో కిటికీలోంచి లోపలికి విసిరిన తువ్వాలును పగవాడు కూడా కదిలించడు. వేసినవాడు వచ్చేదాకా పక్కన నిలబడే ఉంటారు. అదేందని అడిగేవాళ్లుండరు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీళ్లు లాంచీని తట్టిన చప్పుడుకల్లా లేచి కూర్చున్నాను. వెలుగు రాకముందే పైకి పోయి పెద్దమ్మ తువ్వాలు తీశాను. దాన్ని పెద్దవాళ్లలాగా నాలుగు మడతలు పెట్టి, కింద ఆమె సంచి మీద ఉంచాను. నిద్రపోతున్న మా నాయన పక్కనుంచి ఎర్రంచు తువ్వాలు తెచ్చి బెంచీ మీద వేసి, దాని మీద కూర్చున్నాను.

పెద్దమ్మ మొహం కడుక్కుని, కొప్పు ముడుచుకుని పైకొచ్చింది. నన్ను చూసింది. నా కింద తువ్వాలు చూసింది. అది ఎవరిదో ఆమెకు తెలుసు.  అప్పటికే మిగతా బెంచీలు నిండిపోయాయి. వచ్చిన మెట్ల మీదుగానే దిగిపోయింది. కింద ఇంజను పక్కన, డీజిల్ వాసనలో, వంటసామాను మూటల మధ్య కూర్చుంది.

కొండలు దగ్గరికొచ్చాయి. పైన అందరూ కేకలు పెడుతున్నారు. నేను మాత్రం వెనక్కి తిరిగి మెట్లకేసి చూస్తూ కూర్చున్నాను. ఆమె మళ్లీ వస్తే ఏం చెప్పాలి, నాయనను పిలిస్తే ఏం చెప్పాలి అని కాళ్లు ఒకటే ఆడిస్తున్నాను. ఒంటేలుకు లేవడానికి కూడా భయమే. "వచ్చె వచ్చె, దారొచ్చె!" అని ఎవరో అరిచారు. నేను ఇటు తిరిగేసరికి కొండ వెనక్కి పోయింది.

ఆ తర్వాత ఆగలేక కిందికి పరిగెత్తాను. అప్పుడే మా నాయన పెద్దమ్మ ముందు నిలబడి ఉన్నాడు. బస్సులోలాగే ఆమే నాకు సీటు ఇచ్చిందనుకున్నాడాయన.

"ఏందొదినా, ఊరందర్నీ లాక్కొచ్చి నువ్వీడ ఇంజనుకు కాపలా కూచుంటివే?"

"నాకు నీళ్లంటే బయమప్పా. పైన కండ్లు తిరుగుతాండాయి. ఈడనే బాగుండాది."

"రెండేండ్లు మా ప్రాణం తీసింది దీనికేనా!" అని నాయన పెద్దగా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ మాట పుట్టింది అక్కడే. నేను గోడకానుకుని నిలబడ్డాను. పెద్దమ్మ నావైపు చూసి, "ఆకలైతాందా నాయనా?" అని జొన్నరొట్టె ముక్క చేతిలో పెట్టింది. 

ఆమె ఏమనుకుందో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. మరిది కావాలనే తన తువ్వాలు తీసి, కొడుకు కోసం ఆయనది వేశాడనుకుంది. నిలదీస్తే నలుగురిలో చెల్లెలి మొగుడి పరువు పోతుంది. అందుకే నీళ్ల భయం కల్పించుకుంది. ఆ మనిషే తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ప్రతి శుభకార్యంలో తనను ఎగతాళి చేస్తుంటే, వింటూ నవ్వింది.

నాయన పోయి ఆరేళ్లయింది. మొన్న ఆళ్లగడ్డలో పెద్దమ్మ మునిమనవరాలి నామకరణంలో మా పిన్ని కొడుకు మళ్లీ అదే మాట అన్నాడు. అందరూ నవ్వారు. ఎనభై దాటిన పెద్దమ్మ బోసినోటితో నవ్వింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. భోజనాలయ్యాక ఆమె పక్కన చేరి, ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆమె నావైపు తిరిగింది. "ఆ తువ్వాలు మీ నాయన వేయలేదా?"

"లేదు పెద్దమ్మా. నేనే."

"ఆయప్ప పోయిన పొద్దు గూడా తల దగ్గర కూచుంటే నాకు ఆ సీటే గుర్తుకొచ్చె. ఏడుపు సగమే వచ్చె. ఇన్నేండ్లు నోట్లో ఏం పెట్టుకోని ఉంటివిరా?"

క్షమించమని అడగబోయాను. చేత్తో నా మాట తోసేసింది. "నాకొక్కదానికి చెప్తే అయిపాయనా? మీ అమ్మకు చెప్పు. నవ్వినోళ్లందరికీ చెప్పుపో."

అమ్మకు చెప్పాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మిగిలినవాళ్ల కోసం ఇది రాశాను. మా నాయన ఎవరి చోటూ లాక్కోలేదు. మా పెద్దమ్మ నీళ్లకు భయపడలేదు.

ఎవరైనా చిన్నగా నవ్వి, "నాకేం వద్దులే" అని పక్కకు తప్పుకుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవదు. ఎందుకు వద్దు, ఎవరి కోసం వద్దు అని వెంటపడి అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు. ఒకరిద్దరు మాత్రం అసలు సంగతి చెబుతారు.