సాంచాలు ఆపిన వారం

మనవాళ్లు మగ్గాల పనికి వలసొచ్చిన టెంఘర్‌లో మా ఇంటి కింద అన్నకు ఎనిమిది సాంచాలున్నాయి. మరమగ్గాన్ని మేం ఇప్పటికీ సాంచా అనే అంటాం. పై అంతస్తులో రెండు కుటుంబాలం ఉంటాం. ఆ చప్పుడులోనే పిల్లలు చదువుకుంటారు, మేం నిద్రపోతాం.

పక్క గల్లీలో బిల్డింగు కూలిన వార్త రాశాక ఆఫీసు నాకు పదిహేను రోజులు సెలవిచ్చింది. ఇన్నేళ్ల విలేకరి పనిలో అడగకుండా వచ్చిన సెలవు అదొక్కటే. రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం దాటేవాణ్ని కాదు. నిద్ర కావాలి, చప్పుడు లేనిచోట ఉండాలి అన్నాడు డాక్టరు. మర్నాడు పొద్దున్నే అన్న సాంచాలన్నీ ఆపించాడు.

"పండుకో తమ్మీ. ఈ వారం చప్పుడుండది."

"నీ మాల్ ఎట్ల పోతది?"

"నూలిచ్చే సేటుకు నేను చెప్పుకుంట. నువ్వు కండ్లు మూస్కో."

వదిన నవ్వింది. "నా కాన్పులకు గూడ ఆపలే మీ అన్న. మరిది నసీబు మంచిగున్నది."

ఇంట్లో అందరూ మునివేళ్ల మీద నడిచారు. నాకేమో మూడో రోజుకు ముద్ద దిగడం మానేసింది. నల్లా చుక్క పడినా ఉలిక్కిపడేవాణ్ని.

కూలిన చోట, కింద ఎవరైనా బతికున్నారేమో వినడానికి అప్పుడప్పుడూ అన్నీ ఆపేవాళ్లు. ఒకతను చెయ్యెత్తగానే జేసీబీ ఆగేది, గల్లీలో సాంచాలు ఆగేవి, జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. అలా ఆపిన ఒకసారి నేను డెస్కుకు ఫోనులో వార్త చెబుతున్నాను. చెయ్యి లేవడం చూడలేదు. గల్లీ మొత్తంలో నా గొంతు ఒక్కటే వినిపించింది. శిథిలాలకు చెవి ఆనించి పడుకున్న మనిషి తలెత్తి నావైపు చూశాడు. మళ్లీ చెవి ఆనించాడు. కాసేపటికి ఏమీ లేదన్నట్టు చెయ్యూపాడు. సాయంత్రం అక్కడే ఒకామెను తీశారు. ప్రాణం లేదు.

అయిదో రోజు చాయ్ తెచ్చిన అన్నకు ఇదంతా చెప్పాను.

"ఆమె గప్పటికి బతికున్నదని ఎవలన్నరు?"

"ఎవలన్లే. లేదని గూడ ఎవలన్లే."

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "మంచి జేస్తున్న అనుకున్న. నిన్ను మళ్ల చప్పుడు లేని ఆ గల్లీలనే కూసోబెట్టిన," అని కిందికి వెళ్లి స్విచ్చులు వేశాడు. ఇల్లు అదరడం మొదలైంది. ఆ మధ్యాహ్నం నాలుగు గంటలు నిద్రపోయాను.

అయినా రాత మాత్రం రాలేదు. సెలవు అయిపోయే రోజు ఆఫీసుకు ఫోను చేశాను. ఎత్తింది డెస్కు ఇన్‌చార్జి. ఆనాడు నా వార్త రాసుకున్నదీ అతనే.

"రేపొస్తున్నవా అన్నా?"

"ఆ దినం నేను చెప్తుంటె నీకు ఎనక చప్పుడేమన్న ఇనొచ్చిందా?"

"లేదన్నా. లైన్ మస్తు సాఫుండె. రాసుడు అందక నేనే ఇంకోపారి చెప్పుమన్న, యాదికున్నదా?"

నాకు గుర్తు లేదు. అంటే ఆ నిశ్శబ్దంలో నేను రెండుసార్లు చెప్పాను. ఇంకో పదిహేను రోజులు కావాలన్నాను. అతను కారణం అడగలేదు. ఏ తారీకు దాకా అని మాత్రం అడిగి రాసుకున్నాడు.