కొమ్ము పిడి కత్తి ఖరీదు

నా చిన్నప్పుడు చిలకలగూడలో మేమున్న వాడకట్టులో ఆవకాయ ఏ ఒక్క ఇంటి పనో కాదు. ఎండలు ముదరగానే ఆడవాళ్ళందరూ మా వాకిట్లో చేరి అన్ని ఇళ్ళ కాయలూ ఒకేచోట కొట్టేవారు. కొట్టే మొద్దు, బరువు కత్తి మా నాయనమ్మవి. ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే వానలు పడేసరికి ముక్క మెత్తబడుతుంది. అందుకని కొట్టే పని నాయనమ్మ ఇంకెవరికీ వదిలేది కాదు.

ఆ ఏడు పక్కింటికి కొత్త కోడలు వచ్చింది. నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో వంట చేసేవాడు. కూతురు కాపురానికి వచ్చేటప్పుడు లష్కర్ బజారులో ఇంగ్లీషు దొరల సామాను అమ్మే దుకాణంలో ఆమెకొక కత్తి కొనిచ్చాడు. నల్లటి కొమ్ము పిడి, దాని మీద చెక్కిన తీగలు, మెరిసిపోయే సన్నటి అలుగు. అలాంటి కత్తి కోసం ఆయన ఎన్నో ఏళ్ళు ఆ దుకాణం ముందు ఆగి, చూసి, వెళ్ళిపోయేవాడట. తన కోసం కొనుక్కోలేదు. కూతురి కోసం కొన్నాడు.

దాని ఖరీదు విన్నప్పటి నుంచీ అక్క అత్తగారికి ఒళ్ళు మంటే. ఆమె చెడ్డదని అనను. దీపంలో వత్తిని కూడా పొదుపుగా కాల్చిన మనిషి, ఊరికే పోయిన డబ్బును చూసి ఓర్చుకోలేదు. ఆవకాయ కొట్టే రోజు మా వాకిట్లో, అక్క చేతిలో ఆ కత్తి చూసి, అందరి ముందూ మొదలుపెట్టింది.

"గిది కూరగాయల కత్తా, నవాబు సాబు గడ్డం గీసుకునేదా? మీ నాయనకు పైసలు బరువైనయేమో! బజార్ల దొరికే కత్తితోని వంకాయ తెగనంటదా ఏందీ?"

అందరూ నవ్వారు. తనను ఏమన్నా అక్క నవ్వి ఊరుకునేది. తండ్రిని అనేసరికి మాత్రం ముఖం ఎర్రబడింది.

"మా నాయన మోసపోయి కొనలే అత్తమ్మా. కావాల్నంటే దీంతోనే కాయ కొట్టి చూపిస్తా" అని, కత్తి పట్టుకుని వచ్చి మొద్దు ముందు కూర్చుంది.

నాకు సంబరమేసింది. నాయనమ్మ వైపు చూస్తే ఆమె ముఖంలో రంగు లేదు. ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. అది మెత్తటి వాటిని పలుచగా కోసే కత్తి. గట్టి టెంక మీద ఒక్క దెబ్బ పడితే అలుగు పెచ్చు లేస్తుంది. కత్తితో పాటు అక్క మాట కూడా పోతుంది. వాళ్ళ నాన్న ఆ ఇంట్లో ఎప్పటికీ మోసపోయిన మనిషిగానే మిగిలిపోతాడు.

అక్క కాయను మొద్దు మీద నిలబెట్టి చెయ్యి ఎత్తింది.

"ఆగు బిడ్డా" అంది నాయనమ్మ. "ఆ కత్తి జెర నాకియ్యి."

మాలో కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు, ఇస్తే తగాదాలు వస్తాయంటారు. అక్క దాన్ని నేల మీద పెట్టింది. నాయనమ్మ అందుకుంటుందని అందరం అనుకున్నాం. ఆమె అందుకోలేదు. ఒరుగుల కోసం వేరుగా పెట్టిన కాయల గంపను అత్తగారి ముందుకు జరిపింది. ఒరుగులంటే చెక్కు తీసి, పలుచగా కోసి, ఎండబెట్టే ముక్కలు.

"చెల్లె, చెక్కు తియ్యనీకి నా కత్తి పనికిరాదు. గా కత్తి నీ ముంగటనే ఉన్నది, నువ్వే షురూ చెయ్యి."

పెద్దామె అడిగితే కాదనలేక అత్తగారు మూతి ముడుచుకునే కత్తి తీసుకుంది. ఆమె కుడిచేతి బొటనవేలు కీలు దగ్గర ఎప్పుడూ వాచి ఉండేది. మొండి కత్తుల మీద ఏళ్ళ తరబడి నొక్కీ నొక్కీ వచ్చిన వాపు అది. ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదు గానీ నాయనమ్మ కంట పడనిదేముంది!

మొదటి కాయ చెక్కు తెగకుండా తీగలా జారి ఆమె ఒళ్ళో పడింది. ఆమె ఆగి కత్తిని ఒకసారి తిప్పి చూసింది. ఇంకో కాయ తీసుకుంది. తర్వాత ఇంకోటి. మధ్యమధ్య పని ఆపి వేలు రుద్దుకోవడం ఆమెకు అలవాటు. గంప సగమైనా ఆ రోజు రుద్దుకోలేదు.

"ఏం చెల్లె, నవాబు సాబు గడ్డం నున్నగైందా?" అంది నాయనమ్మ.

"ఊకో అక్కా!" అంటూనే అత్తగారికీ నవ్వు ఆగలేదు. కాసేపటికి కాయ మీది నుంచి చూపు తీయకుండా, "చేతికి తక్లీఫే ఇస్తలేదు" అంది మెల్లగా.

సాయంత్రం ఆ కత్తిని ఆమే కడిగి కొంగుతో తుడిచింది. కోడలితో, "ఒరుగులు ఎండినంక మీ నాయనకు జెర కట్టుకపో. ఆయన కొన్న కత్తితోని కోసినయని చెప్పు" అంది. అక్క తల తిప్పుకుని, కారం ఘాటెక్కిందంటూ చాలాసేపు ముక్కు తుడుచుకుంది.

మర్నాడు నేను నాయనమ్మను పట్టుకున్నాను, ఆ కత్తికి అంత ఖరీదు తగునా అని.

"అలుగుకు తగుతది. పిడి చేతిల కుదిరితే దానికి సుత తగుతది. గా తీగల బొమ్మలకైతే నేను పైస ఇయ్య."

"మరి ఆయన ఇచ్చిండు కదా?"

"బిడ్డ కోసం ఇచ్చిండు. గది అడగనీకి మనమెవ్వరం?"

ఇప్పుడు నేను సీతాఫల్‌మండిలో మనవడి దగ్గర ఉంటున్నాను. మొన్న మనవడి భార్య నల్లటి పెట్టెలో ఒక కత్తి తెప్పించింది. అలుగు నిండా నీటి అలల్లాంటి గీతలు, మూలన ఎవరిదో పేరు. ఖరీదు రెండుసార్లు చెప్పించుకున్నాను. అందులో సగం ఆ గీతలకూ, పేరుకూ, పెట్టెకూ పోయిందని ఇప్పటికీ అంటాను, నేనైతే కొనను. కానీ ఆ పిల్ల తన జీతంలోంచి ఇష్టపడి తెచ్చుకుంది, నా ముఖంలోకే చూస్తోంది. ఒక టమాటా తెమ్మన్నాను. తొక్క నలగకుండా తెగింది. "మంచిగ తెగుతది బిడ్డా" అన్నాను. అది నిజం కూడా.

ధరలు వింటే నాకు కోపం రావడం ఈ వయసులో ఇక మారదు. ఆ కోపం వస్తువు తెచ్చిన మనిషి మీద పడకముందే, ఆ వస్తువును ఒకసారి చేతిలోకి తీసుకుని పని చేయించి చూడడం మాత్రం మా నాయనమ్మ వాకిట్లో నాకు అబ్బింది.