సిమ్లాలో బూడిద పడింది

ఆదివారం పొద్దున పది గంటలకు రామగుండంలో ఢిల్లీ బండి ఎక్కాం. ముగ్గురం. నేను, మా క్వార్టర్ల వరసలో పక్కింటి రాజయ్య కాక, ఆయన భార్య లచ్చవ్వ చిన్నమ్మ. కాక ముప్పై అయిదేళ్లు బొగ్గుబావిలో చెమటలు కక్కుతూ పనిచేశాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతాడు. దిగిపోయేలోపు మంచును చేత్తో పట్టుకోవాలని ఆయన కోరిక. మనసులో పెట్టుకుని ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోను, షిఫ్టులో అందరి ముందూ చెప్పుకున్నాడు. మంచు మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా అని అక్కడ రెండు పార్టీలు లేచాయి. "ఫ్రిజ్జుల చెయ్యి పెట్టు కాకా, సిమ్లా దాకా ఎందుకు?" అన్నవాళ్లూ ఉన్నారు. "ఆగుండ్రి, పట్టుకొని చూసొచ్చి నేనే చెప్త," అని కాక మాటిచ్చాడు.

ముహూర్తం పెట్టింది నేను. ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాను. వాన పడితే దారి బురదై బండ్లు ఆగిపోతాయి కాబట్టి పొద్దున లేస్తూనే ఫోన్లో వాన కబురు చూడటం నాకు అలవాటు. నేను చెప్పిన రోజున రెండుసార్లు వాన పడింది. ఇంకేముంది, కాలనీకి నేను పంచాంగం అయిపోయాను. "ఉత్తరాదిన మైదానాల్లో వాన, కొండల మీద మంచు, మంగళవారం మధ్యాహ్నం నుంచి" అని ఫోన్ చెప్పింది. అదే మాట నేను కాకకు చెప్పాను. శనివారం మొదటి షిఫ్టుకు తిరిగి హాజరు కావాలి. చివరి నెలలో అనుకున్న సెలవు మీద ఒక్క రోజు కూడా ఎక్కువ తీసుకోనని ఆయన పట్టుదల.

పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు చిన్నమ్మ బట్టలారేసే తాడు కూడా వెంట తెచ్చింది. నాగ్‌పూర్ దాటాక, ఆమె కట్టిన పులిహోర తింటుండగా, ఎదురు సీట్లోని వరంగల్ మిర్చి వ్యాపారి మా కథంతా విన్నాడు. "ఫోన్ల చూసుకొని మంచుకు పోతున్రా? నా దుకాణం మీద పడే వాననే దానికి ఎరుక గాదు," అని నవ్వాడు. ఆయనకు శాస్త్రం తెలియదని నేను మనసులోనే జాలిపడ్డాను.

సోమవారం ఎనిమిదికి ఢిల్లీ. పదింటికి సిమ్లా బస్సు దొరికింది. కొండ మలుపులకు బస్సులో సగం మంది తలలు కిటికీల బయటే ఉన్నాయి. కాక మాత్రం చెక్కుచెదరలేదు. "దీనికే గిట్లైతే మా బాయిలకు దిగే బండెక్కితే ఏమైతరు వీళ్లు?" అన్నాడు. సాయంత్రం ఏడింటికి దిగి, బస్టాండు పైన ఒక చిన్న హోటల్లో రెండు గదులు తీసుకున్నాం. అద్దె ఎంతో రాయను, మా ఆవిడ ఇది చదువుతుంది. రాజ్మా, అన్నం పెట్టారు. చిన్నమ్మ మామిడికాయ తొక్కు తీశాక గానీ అది నోటికి పోలేదు.

ఎదురింటి కప్పు మీద కుంపటి పొగగొట్టం ఒకటి ఉంది. మా ఊళ్లో కరెంటు ప్లాంటు గొట్టాల బూడిదతో విసిగిన చిన్నమ్మ దాన్ని చూడగానే ముఖం మాడ్చుకుంది. "ఈడ గూడ పొగగొట్టమేనా? ఇంత దూరమొచ్చింది దీనికేనా?" అంది. అయినా రెండు గదులకూ కలిపి ఉన్న బాల్కనీలో తాడు కట్టి, ఆ చలినీళ్లలో మా అందరి బట్టలూ పిండి ఆరేసింది.

మంగళవారం కుఫ్రీ వెళ్లాం, బస్సులో గంట. ఆకాశంలో మబ్బు తునక లేదు. మా ఊళ్లో వడియాలు ఎండబెట్టే ఎండ. మంచు లేకపోయినా మంచు కోట్లూ రబ్బరు బూట్లూ అద్దెకిచ్చే దుకాణాలు మాత్రం పదులకొద్దీ ఉన్నాయి. నా మాట మీద నమ్మకంతో కాక మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, దుమ్ములో గుర్రపు పేడ తొక్కుతూ సాయంత్రం దాకా ఆకాశం కేసి చూశాడు. నేను అరగంటకోసారి ఫోన్ తీసి, "ఇగో కాకా, వస్తున్నది," అంటూనే ఉన్నాను. చివరికి చిన్నమ్మే, "ఆ ఫోన్‌ను లోయల పారెయ్యి బిడ్డా, పుణ్యముంటది," అంది. తిరుగు బస్సు బుధవారం పదకొండింటికి. రాత్రి అలిగినవాడిలా ముసుగు తన్ని పడుకున్నాను.

బుధవారం తెల్లవారుజామున బాల్కనీలోంచి చిన్నమ్మ కేక వినబడింది. "బూడిద పడుతున్నది! బట్టలు తియ్యుండ్రి!"

మా ఊళ్లో ఈ కేకకు ఎవరూ కళ్లు తెరవరు, చేతులే పనిచేస్తాయి. గాలి మళ్లి బూడిద రాలినప్పుడల్లా తాడు మీది బట్టలు లాగడం, కిటికీలు మూయడం, నీళ్ల మీద మూత పెట్టడం, తలుపు సందుకు తడిగుడ్డ కుక్కడం మాకు నిద్రలోనే జరిగిపోతాయి. చిన్నమ్మ అవన్నీ చేసింది. పక్కగదిలో కాక లేచి కిటికీ మూశాడు. నేను కళ్లు మూసుకునే, "నా బనీను గూడ తియ్యి చిన్నమ్మా," అని అటు తిరిగి పడుకున్నాను. దిండు కింద ఫోన్ ఏదో కూసింది. దాని నోరూ నొక్కేశాను.

తొమ్మిదింటికి తలుపు తీస్తే సన్నగా వాన. హోటల్ యజమానురాలు టీ తెచ్చి, "ఈ ఏడాది మొదటి మంచు, చూశారు కదా?" అని హిందీలో అడిగింది. రెండు గంటలు పడిందట, తర్వాత వాన వచ్చి కడిగేసిందట. ఫోన్ తీశాను. అయిదూ నలభైకి, "మీరున్న చోట మంచు పడుతోంది" అని ఉంది. నిన్న సాయంత్రం మేం తిట్టుకున్న ఆ ఫోన్ ఒక్కటే మాలో మెలకువగా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, నా కండ్లు మండ! నా చేతుల మీద పడ్డది, తుడుసుకుంటి!"

"సల్లగ లేదానే?" అన్నాడు కాక.

"చలిల అన్నీ సల్లగనే ఉంటయి, నాకేమెరుక?"

 కాక తలుపు సందులోని తడిగుడ్డ తీసి, పిండి, సంచిలో పెట్టాడు. బస్టాండులో పై ఊళ్ల నుంచి ఒక బస్సు కప్పు మీద జానెడు మంచుతో వచ్చి ఆగింది. కాక పరుగెత్తి మునివేళ్ల మీద లేచాడు. రెండు మూరలు అందలేదు. మా కండక్టరు విజిల్ వేశాడు.

ఆ రాత్రి ఢిల్లీలో లాడ్జి. గురువారం సాయంత్రం నాలుగింటికి బండి. మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే. ఫోన్‌ను నమ్మండి, నమ్మకపొండి, తెల్లవారుజామున పైనుంచి ఏది రాలినా ముందు లేచి చెయ్యి చాపండి. సిమ్లా మంచి ఊరే. మాకే అలవాటు చెడ్డది.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి మంచిర్యాల దాటి, గోదావరి వంతెన దాటాం. ఎదురుగాలి లేచింది. కిటికీలోంచి తెల్లగా, సన్నగా రాలడం మొదలైంది.

"బూడిద! కిటికీ వెయ్యుండ్రి!" అంది చిన్నమ్మ.

కాక వెయ్యలేదు. ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపాడు. రామగుండం స్టేషన్ వచ్చేదాకా అలాగే ఉంచాడు. తర్వాత అరచెయ్యి దగ్గరికి తెచ్చుకుని, వేలితో నెమ్మదిగా నలిపి చూశాడు.

"మెత్తగనే ఉన్నది," అన్నాడు. "రేపు షిఫ్టుల అడుగుతరు గదా, గిట్లనే చెప్త. సాక్ష్యం నువ్వే."

"సరే కాకా," అని నేను సంచులు దించాను.