గిటారు లోపలి బద్దలు

మా మావగారు వీణలు చెక్కేవారు. బొబ్బిలి చుట్టుపక్కల ఆ పని చేసే ఇళ్లలో మాదొకటి. ఒకే పనస దుంగ తీసుకుని గుండ్రటి కుండా, పొడుగాటి దండీ అన్నీ అందులోంచే తొలిచేవారు. అతుకంటే ఆయనకు మహా చిరాకు. పెళ్లిచూపుల్లో నా జడకు సవరం ఉందని కనిపెట్టి, "ఇదీ అతుకేనేటి?" అన్న మనిషి. నాకా కోపం ఇప్పటికీ పోలేదు.

అరవైల చివర్లో, ఈస్టరు దగ్గరపడుతుండగా, బాప్టిస్టు చర్చిలో పాటలు పాడే టీచరమ్మ గిటారు పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఆ గిటారు ఆమె భర్త స్వయంగా చేసింది. ఆయన పోయాక ఆమె దాన్ని ముట్టలేదు. ఈ పండక్కి చర్చిలో వాయిస్తానని మాటిచ్చి బయటికి తీసేసరికి, తీగలు ఆనే చెక్క వెనకవైపు లేచిపోయి ఉంది. వీణకైనా దేనికైనా ఆ చెక్కను మేం గుర్రమనే అంటాం.

"ఇది అతికించి ఇస్తే చాలు మేస్త్రిగారూ," అని చెప్పి వెళ్లింది.

మావగారు గిటారు మధ్య గుండ్రటి కంతలోంచి చిన్న అద్దమూ, టార్చిలైటూ పెట్టి చూశారు.

"ఇలా సూడమ్మీ, లోపలంతా కట్లు కట్టీసేడు!"

నేనూ చూశాను. పలచటి పైపలక అడుగున రెండు బద్దలు ఒకదాన్నొకటి దాటుకుంటూ, వాటి పక్కన చిన్నచిన్నవి ఏటవాలుగా అతికించి ఉన్నాయి. చెయ్యి విరిగినవాడికి వెదురుబద్దలు కట్టినట్టే ఉంది. వీణ కుండ లోపల ఎంత తడిమినా ఏమీ తగలదు. మాకు తెలిసిన వాద్యం అదే.

"కొత్త సెయ్యి గదా, పాపం. పలక పగిలిపోతే బద్దలేసి కప్పెట్టీసేడు. సచ్చిపోయినోడి మీద మాటెందుకు? నాను బాగుసేసి ఇచ్చెస్తాను. టీచరమ్మకి సెప్పకు," అన్నారు.

ఆయనలో అంత జాలి ఉందని నాకప్పుడే తెలిసింది. వేడినీళ్ల గుడ్డ వేసి వెనకపలక ఊడదీశారు. ఉలితో బద్దలన్నీ లేపేశారు. కింద పగుళ్లేమీ కనబడలేదు.

"పగులేదీ మావా?"

"అతుక్కుపోయుంటాది."

పెద్దాయన, పనిమంతుడు, ఇంకేమంటాను? పలకను నున్నగా గీకి, జిగురు కాచి, వెనకపలక మూసి, గుర్రాన్ని గట్టిగా అతికించారు.

అంతా ఆరాక టీచరమ్మ వచ్చి మా అరుగు మీదే కూర్చుని తీగలు బిగించసాగింది. లావు తీగ మీటగానే ఇల్లంతా గుమ్మంది. "ఇంత గొంతు దీనికెప్పుడూ లేదు!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మావగారు నావైపు చూసి మీసం దువ్వుకున్నారు. సవరం సంగతి మరిచిపోయి నేనూ పొంగిపోయాను.

సన్నతీగలు బిగిస్తుంటే లోపల ఎక్కడో చిటుక్కుమంది. ఆమె చెయ్యి ఆపింది. మా కళ్లముందే గుర్రం ముందుకి ఒరిగింది. దాని ముందు పలక లోపలికి కుంగింది, వెనక అప్పడంలా పొంగింది. మరుక్షణం ఫట్‌మని పలక చీలి, గుర్రం తీగలతో సహా ఊడి ఆమె ముంజేతికి కొట్టుకుంది.

మావగారు ఆ చీలికలో వేలు పెట్టి తడుముతూ గొణుక్కున్నారు. "మన తీగలు గుర్రం దాటెళ్లి కుండకి కట్టుంటాయి. దీనికి గుర్రానికే కట్టీసేరు. అదంతా లాగుతుంటే... ఆ బద్దలే కాసుకున్నాయి గావాల."

టీచరమ్మ లోపలికి తొంగిచూసింది. "బద్దలేవీ?"

"పగులు కప్పెట్టేడనుకున్నాను తల్లీ. తీసీసేను."

ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మంచం పట్టాక కూడా మా ఆయన కూర్చుని అవి చెక్కేవారు," అంది మెల్లగా. "కాస్త గీకడం, తట్టడం, చెవి దగ్గర పెట్టుకోవడం. పలకదేముంది, ఇంకోటి వేయించుకుంటాను. ఆ బద్దలిచ్చెయ్యండి మేస్త్రిగారూ, దాచుకుంటాను." లేచి కొంగు పట్టింది.

మావగారి చూపు పొయ్యి మీదికి పోయింది. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద జిగురు డబ్బా అలాగే ఉంది. ఎండిన పుల్లలు పారెయ్యడమెందుకని ఆయన ఆ జిగురు కాచింది ఆ బద్దల మంట మీదే.