గట్టు మీద మొదటి వడ

ఎండు రొయ్యల వడల్లో ఉల్లిపాయ వేయకూడదు. వేస్తే సాయంత్రానికే చెమ్మగిల్లి వాసన వస్తాయి. నానిన పచ్చిశనగపప్పుని చుక్క నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బాలి. తల, తోక తుంచిన రొయ్యల్ని వట్టి మూకుడులో వేయించి, దంచి అందులో కలపాలి. సన్న సెగ మీద నూనెలో నురగ ఆగేదాకా వేగనివ్వాలి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దాలి. వేడి మీద మూత పెడితే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి. జాగ్రత్తగా చేస్తే సముద్రం మీద మూడు రోజులు నిలుస్తాయి.

ఇదంతా నాగలక్ష్మి చేతులకి తెలుసు. అయినా ఆరేళ్ళుగా ఆమె ఆ వడలు చేయలేదు.

ఇప్పుడు ఆమె ఆటోనగర్‌లో కార్ల సీటు కవర్లు కుట్టే షెడ్డులో పని చేస్తోంది. అంతకుముందు బందరు పక్కన గిలకలదిండిలో ఉండేది. భర్త ఎల్లారావు పడవ మీద వేటకి వెళ్ళేవాడు. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. మగవాడు పడవెక్కే రోజు ఏం వండినా, మూకుడులోంచి తీసిన మొదటిది డబ్బాలో పెట్టరు. పొయ్యి గట్టు మీద చిన్న పళ్ళెంలో ఉంచుతారు. తిరిగొచ్చాక అతనే తినాలి. ఇంట్లో తన వాటా ఒకటి మిగిలి ఉంటే, దాని కోసమైనా మనిషి వస్తాడని నమ్మకం.

ఎల్లారావు చివరిసారి వెళ్ళిన రోజు నాగలక్ష్మి నీళ్ళ ట్యాంకరు కోసం ఎండలో నిలబడి, పదకొండింటికి రెండు బిందెలతో ఇంటికొచ్చింది. పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. గట్టు మీద వడ కనబడింది. తినేసి నీళ్ళు తాగింది. ఇంకొకటి చేసి పెడదామనుకుంటే పిండి మిగల్లేదు.

మూడో రోజు గాలివాన. పడవలో ఉన్న నలుగురిలో ఎవరూ దొరకలేదు. తిరగబడిన పడవ మాత్రం దివిసీమ వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. దాని అడుగున ఇరుక్కుని ఎల్లారావు పేరు చెక్కిన స్టీలు డబ్బా. మూత తీస్తే లోపల ఐదు వడలు పొడిగా ఉన్నాయి, ఒక్క ఉప్పునీటి చుక్క దిగలేదు. ఎంత బాగా సర్దిందో చూశారా అని గుంపులో ఎవరో అన్నారు. ఆ మాట ఆమెకి ఇప్పటికీ మిషను చప్పుడులోంచి వినబడుతూ ఉంటుంది.

ఆ పడవలో వైర్‌లెస్ సెట్టు లేదు. నలుగురికి ఒక్క లైఫ్ జాకెట్టు లేదు. గాలివాన హెచ్చరిక వచ్చాక వాళ్ళని వెనక్కి పిలిచే దారి లేదు. పడవ యజమాని మరుసటి ఏడాది కొత్త పడవ దించాడు. శవం లేదు కాబట్టి, మనిషి పోయాడని కాగితం కావాలంటే ఏడేళ్ళు ఆగాలని ఆఫీసులో చెప్పారు. ఇంతమంది ఉండగా నాగలక్ష్మి తప్పు పట్టింది ఒక్క మనిషినే, ఆకలేసి వడ తిన్న తనని. పేదింటి ఆడవాళ్ళకి ఈ విద్య చిన్నప్పుడే నేర్పేస్తాం. ఏది కూలినా ముందు తమ చేతులు చూసుకుంటారు.

ఈ డిసెంబరులో షెడ్డులోని ఆడవాళ్ళు ఎనిమిది మందీ ఒక సెలవు రోజు కృష్ణ మధ్యలో ఉన్న లంకకి వెళ్దామనుకున్నారు. కార్తీకంలో ఏ కులం వాళ్ళ వనభోజనాలు ఆ కులం వాళ్ళవి. వీళ్ళలో చాలామందిని ఏ తోటకీ ఎవరూ పిలవలేదు. అందుకని తలా ఒకటి వండి తేవాలి, అందరూ అన్నీ తినాలి అని పక్క మిషను డయానా షరతు పెట్టింది.

“పులిహోర నాది. ముందు నోట్లో వేసుకోడానికి నువ్వు రొయ్యల వడలు తే అక్కా. బందరు మనిషివి, అప్పడాలు తెచ్చి మోసం చెయ్యమాక.”

నాగలక్ష్మి తలూపింది. లంకకి పడవ మీదే వెళ్ళాలన్నది ఆ తర్వాత తట్టింది. తన వడలు మళ్ళీ పడవ ఎక్కబోతున్నాయి. అవి తీసుకెళ్ళిన వాళ్ళు తిరిగొస్తారా అన్నదొక్కటే ఆ వారమంతా ఆమె బుర్రలో తిరిగింది. ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ పొద్దున వడలు చేసింది. బిగువైన మూత ఉన్నది ఆ స్టీలు డబ్బాకే. అందులోనే సర్దింది. మొదటి వడని పళ్ళెంలో పెట్టి గట్టు మీద ఉంచింది. మంచం మీంచి అత్త పేరమ్మ అదంతా చూస్తోంది.

“ఎవరికే అది?”

“ఎనిమిది మందిమి వెళ్తున్నాం గదత్తా.”

పేరమ్మ అటు తిరిగి పడుకుంది.

రేవులో పడవతను ఐదే జాకెట్లు ఇచ్చాడు. ఏడుగురూ ఎక్కేశారు. నాగలక్ష్మి మాత్రం డబ్బా పట్టుకుని మెట్టు మీదే నిలబడి, ఇంకో మూడు కావాలంది. ఇది కృష్ణమ్మ, సముద్రం కాదు, పదిహేను నిమిషాల్లో దింపేస్తానని పడవతను నవ్వాడు.

“ఎక్కక్కా, ఎండెక్కుతోంది. వడలక్కూడా జాకెట్టు తొడుగుతావా ఏంటి?” అంది డయానా. అందరూ నవ్వారు.

“మా ఆయన పడవలో ఒక్కటీ లేదు డయానా. నేను అప్పుడు అడగలేదు.”

ముందు డయానా దిగింది. తర్వాత ఒక్కొక్కరే అందరూ దిగి మెట్ల మీద కూర్చున్నారు. పడవతను గొణిగాడు, ఫోన్లు చేశాడు. ముప్పావుగంటకి ఇంకో పడవలోంచి బూజు వాసన కొడుతున్న మూడు జాకెట్లు వచ్చాయి.

లంకలో పులిహోర గిన్నె మూత తియ్యకముందే వడలు అయిపోయాయి. చివరిది మాత్రం నువ్వు తీసుకో అంటే నువ్వు తీసుకో అనుకుంటూ డబ్బాలోనే వదిలేశారు. నాగలక్ష్మి ఒక్కటీ తినలేదు. తిరుగు పడవలో దారి పొడుగునా ఎనిమిది తలలూ చూసుకుంటూనే ఉంది.

పొద్దు గుంకకముందే ఇల్లు చేరింది. గట్టు మీద పళ్ళెం ఖాళీగా ఉంది. పేరమ్మ వేళ్ళకి నూనె.

“తినేశావా అత్తా?”

“ఆకలేసింది. మీ మావ వేటకెళ్ళిన ప్రతిసారీ తిన్నానే. పిల్లలకి పెట్టగా నాకు మిగిలేది అదొక్కటే. ఆయన ప్రతిసారీ తిరిగొచ్చాడు. ఇదిగో, ఇవాళ నువ్వూ వచ్చావు.”

నాగలక్ష్మి గోడకి ఆనుకుని కూర్చుంది. “నేను తిన్న సంగతి నీకు తెలుసా?”

“ఆ రోజే తెలుసు.”

“మరి ఇన్నేళ్ళూ ఈ మాట చెప్పలేదేం?”

పేరమ్మ వేళ్ళని కొంగుకి తుడుచుకుంది. “నా కొడుకు ఎందుకు పోయాడో చెప్పటానికి ఒక్కడూ రాలా. నీ వల్లే అనుకుంటే నాకు కాస్త సులువుగా ఉండేది.”

నాగలక్ష్మి ఆరేళ్ళుగా మోసిన బరువు దిగిపోయింది. ఆ వడ తినకపోయినా అతను వచ్చేవాడు కాదు. తప్పు తనదేనని నమ్మినంతకాలం, అది జరక్కపోయి ఉంటే అతను వచ్చేవాడన్న ఆశా దాని వెనకే ఉండేదని ఆమెకి ఇప్పుడు తెలిసింది. అదీ పోయింది.

కడుగుదామని డబ్బా మూత తీసింది. అందరూ వదిలేసిన వడ అడుగున ఉంది. పొడిగా, గట్టిగా, ఆనాటి ఐదింటిలాగే. దాన్ని తీసి పళ్ళెంలో పెట్టి, పళ్ళాన్ని గట్టు మీదికి జరిపింది.

ఎవరికని ఈసారి పేరమ్మ అడగలేదు.