పటిక తిప్పిన శాస్త్రం

ఊరి తూము మూయించి, నారుమళ్లు ఎండబెట్టి, ఒక పెద్దమనిషిని దోషిని చేయడానికి ఎంత సరంజామా కావాలనుకుంటున్నారు? నాకు ఒక్క పటికబెడ్డ సరిపోయింది.

అప్పట్లో నేను మొగల్తూరు దగ్గర మా ఊళ్లో ఎరువుల కొట్టు గుమాస్తాని. గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివేశానన్న పొగరు నెత్తిమీద బిందెలా ఉండేది. హైస్కూల్లో కరుణ టీచర్ గారు పిల్లలతో కాలువ నీళ్లు పరీక్ష చేయిస్తున్నారని తెలిసి వాలంటీరుగా చేరాను. చేరానంటే, పెత్తనం మొదలుపెట్టానన్నమాట.

"వారం వారం సీసాతో ముంచుకొచ్చి, ఈ మందు చుక్కలు వేసి, వచ్చిన రంగు రాయడమేనండి. ఇంకేం చెయ్యక్కర్లేదు" అన్నారావిడ.

"నాకు చెప్పాలా టీచర్ గారూ! ఆమ్లాలూ క్షారాలూ నాకు కంఠతా వచ్చు."

జూలైలో గోదావరి ఎర్రనీరు కాలువలోకి దిగింది. సీసాలో పడితే ఇటుక కరిగించి పోసినట్టుంది. అందులో చుక్కలు వేస్తే రంగెలా తెలుస్తుంది, మీరే చెప్పండి. ఎర్రనీరొస్తే మన ఇళ్లల్లో ఏం చేస్తాం? బిందెలో పటిక తిప్పుతాం. నేనూ తిప్పాను. శాస్త్రం కదా అని నాలుగు చుట్లు ఎక్కువే తిప్పాను. నీళ్లు తేరుకున్నాయి. చుక్కలు వేశాను. ఆకుపచ్చ రావలసిన చోట నారింజ రంగు వచ్చింది.

ఆమ్లం! కాలువకు ఎగువన అబ్బులు గారి రొయ్యల చెరువులున్నాయి. ఇంకెవరు? టీచర్ గారితో ఒక్క మాటైనా అనకుండా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను: "కాలువలో యాసిడ్. రొయ్యల చెరువుల పనే. ఆ నీళ్లు వాడకండి."

భయపడి రైతులు తూము మూసేశారు. వాన లేదు. నాలుగో రోజుకి నారుమళ్లు నెర్రెలిచ్చాయి. ఊరంతా స్కూలు అరుగు దగ్గర చేరింది.

"నేను యాసిడ్ వదిలానా? నా రొయ్యలు పెరిగేదీ ఆ నీళ్లలోనే కదండీ బాబూ!" అబ్బులు గారు తువ్వాలు దులిపారు.

"నారు పోతే నువ్విస్తావేంటయ్యా?" అన్నాడో రైతు నా వైపు తిరిగి.

"శాస్త్రం అబద్ధమాడదండి" అంటూ నేను మిగిలిన నీళ్ల సీసా ఎత్తి చూపాను.

అబ్బులు గారు దాని వంక అనుమానంగా చూశారు. "ఏంటీ, ఇవి మన కాలవ నీళ్లా? కొబ్బరినీళ్లలా ఉన్నాయేంటండి?"

"తేటపరిచానండి. పటికతో!" అన్నాను ఛాతీ విరిచి.

టీచర్ గారు కళ్లు మూసుకున్నారు. తర్వాత పరీక్ష మందుల పెట్టె అడుగు నుంచి రంగు మారే కాగితం ముక్కలు తీశారు. బురదనీటికి అవి వాడాలట. అప్పటికప్పుడు తెప్పించిన కాలువ నీళ్లలో ఒకటి ముంచితే ఆకుపచ్చ. నా సీసాలో ఇంకొకటి ముంచితే నారింజ.

"పటిక కలిస్తే నీళ్లు ఆమ్లమవుతాయండి. బీరువాలో ఆ పుస్తకం లేదేంటి? యాసిడ్ కలిపింది అబ్బులు గారు కాదు, మీరు!"

తూము ఎత్తారు. నారు బతికింది. నేనే బతకలేకపోయాను. ఏటా ఎర్రనీరు దిగిన రోజున అబ్బులు గారింటి నుంచి పొట్లంలో పటికబెడ్డ వస్తుంది, పైన "సైంటిస్టు గారికి" అని రాసి.

అందుకే కాలువలో మోకాళ్లలోతు నిలబడి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై సీసాలో ఏదొస్తే అదే పరీక్షిస్తాను. మాట తప్పి పటిక తిప్పితే, ఆ నీళ్లు నేనే తాగుతాను. ఎలాగూ మా ఇంట్లో రోజూ తాగేది అవే.